పదిహేడు మైళ్ళ రోడ్డు, ఇరవయ్యొక్కేళ్ళ దావా

అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూసి రావడానికి వెళ్ళి లాస్ ఏంజిల్స్‌లో విమానం దిగిన మన పెద్దవాళ్ళు చాలామంది ఒక రోడ్డు మీద ప్రయాణం చేసే ఉంటారు. దాని నంబరు 105. విమానాశ్రయం దగ్గర మొదలై తిన్నగా తూర్పుకు పోయి నార్వాక్ అనే ఊళ్ళో ముగుస్తుంది. అక్కడి నుంచి కాస్త దక్షిణానికి తిరిగితే ఆర్టీషియా వస్తుంది. పయొనీర్ బులెవార్డ్ మీద చీరల దుకాణాలు, నగల దుకాణాలు, మిఠాయి కొట్లు బారులు తీరి ఉండే చోటు అది. ప్రయాణపు బడలికలో కారు అద్దంలోంచి చూస్తే దారి పొడుగునా కనిపించేది ఇరుపక్కలా ఎత్తయిన గోడలు, రోడ్డు నడుమ పరుగెత్తే రైలు. అంతే. గోడల వెనక ఏమున్నదీ కనపడదు.

గోడల వెనక ఉన్నవి హాథార్న్, ఇంగిల్‌వుడ్, వాట్స్, విల్లోబ్రూక్, లిన్‌వుడ్, సౌత్ గేట్, పారమౌంట్, డౌనీ అనే పేటలూ చిన్న చిన్న మునిసిపాలిటీలూ. నల్లవారు, మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవారు, ఫ్యాక్టరీల్లో పనిచేసే తెల్లవారు కట్టుకున్న చిన్న చిన్న ఇళ్ళు. ఈ రోడ్డు కోసం ఆ ఇళ్ళలో నుంచి ఇరవై వేలకు పైగా మనుషులు లేచి పోవలసి వచ్చింది. రోడ్డు పొడవు చూస్తే పదిహేడు మైళ్ళ పైచిలుకు మాత్రమే. ప్రభుత్వం పటం మీద గీత గీసింది 1959లో. ఆ గీత మీద కార్లు నడిచింది 1993 అక్టోబరు 14న. అయిన ఖర్చు దాదాపు 220 కోట్ల డాలర్లు. అంతవరకు అమెరికాలో మైలుకు ఇంత ఖర్చయిన రోడ్డు లేదని అప్పట్లో చెప్పుకున్నారు.

ఈ రెండు తేదీల మధ్య జరిగిన కథను చెప్పడానికే ఈ వ్యాసం. రోడ్డుకు ఎదురు తిరిగిన జనం గెలిచిన కథలు అమెరికాలో ఉన్నాయి, ఓడిన కథలు అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. ఇది ఆ రెంటిలోనూ ఇమడదు.

ముందుగా 'ఫ్రీవే' అనే మాట గురించి. డబ్బు కట్టకుండా పోయే దారి కనుక ఆ పేరు వచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. ఆ అర్థం తర్వాత కలిసింది. అడ్డువీధులు, పక్క ఇళ్ళ గుమ్మాలు, కూడలి దీపాలు వీటి అడ్డు లేకుండా పోయే దారి అన్నది దాని అసలు అర్థం. రోడ్డుకు ఆ స్వేచ్ఛ రావాలంటే దాన్ని దాటుతూ పోయే వీధులకు స్వేచ్ఛ పోవాలి. నిన్నటిదాకా ఈ వీధి పిల్లలు ఆ వీధి బడికి నడిచి వెళ్ళేవారు. రేపటి నుంచి వంతెన ఉన్నచోటికి చుట్టు తిరిగి పోవాలి. కొట్టుకు వచ్చే బేరం సగం గోడకు అవతల ఉండిపోతుంది. ఇల్లు పోయినవాడికి ఏదో ఒక పరిహారం దొరుకుతుంది. ఇల్లు మిగిలి ఇరుగుపొరుగు పోయినవాడికి ఏ చట్టంలోనూ లెక్క లేదు.

1956లో అమెరికా పార్లమెంటు చేసిన హైవే చట్టం ఈ రోడ్లకు ప్రాణం పోసింది. 41,000 మైళ్ళ అంతర్రాష్ట్ర రహదారులు, ఖర్చులో రూపాయికి తొంభై పైసలు కేంద్రం ఇస్తుంది, మిగిలిన పది పైసలు రాష్ట్రం పెట్టుకోవాలి. పది పైసలకు రూపాయి రోడ్డు వస్తుంటే వద్దనే రాష్ట్రం ఉంటుందా? కాలిఫోర్నియా 1959లో తన సొంత పథకం తయారు చేసుకుంది. రాష్ట్రమంతటా 12,000 మైళ్ళకు పైగా ఫ్రీవేలు, ఎక్స్‌ప్రెస్‌వేలు. లాస్ ఏంజిల్స్ పటం మీద ఆ గీతలు చేపల వలలాగా పరుచుకున్నాయి.

ఏ గీత ఎక్కడ పడాలన్నది ఇంజనీర్లు నిర్ణయించేవారు. వాళ్ళ లెక్కలో భూమి ధర ఉంది, కాంక్రీటు ధర ఉంది, కారు నడిపేవాడికి మిగిలే నిమిషాలకు కూడా ఒక ధర ఉంది. భూమి చవకగా ఉండేది పేదల పేటలో కనుక గీత అటే వంగేది. ఇంజనీరు చెడ్డవాడు కానక్కరలేదు, లెక్క అలా పెట్టుకుంటే జవాబు అలాగే వస్తుంది. నగరానికి తూర్పున బాయిల్ హైట్స్‌లో మెక్సికన్ కుటుంబాల నడుమ ఒకదాని మీద ఒకటిగా ఫ్రీవేలు వచ్చి పడ్డాయి. పడమట షుగర్ హిల్ అని, కాస్త కలిగిన నల్లవారు కోర్టుల్లో పోరాడి నివాస హక్కు సంపాదించుకున్న పేట ఉండేది. శాంటా మోనికా ఫ్రీవే దాని మధ్య నుంచి పోయింది. అదే పథకంలో బెవర్లీ హిల్స్ ఫ్రీవే అని ఒకటి ఉండేది. సినిమా తారలూ సంపన్నులూ ఉండే ఆ ఊరి పేరు పెట్టుకున్న ఆ రోడ్డు మాత్రం కాగితం దాటి బయటికి రాలేదు. ఉత్తరాన శాన్‌ఫ్రాన్సిస్కోలో నగరపాలక సభ 1959 జనవరిలోనే పది ఫ్రీవేలలో ఏడింటిని వద్దని తీర్మానించి కూర్చుంది. కేకలు వేస్తే రోడ్డు ఆగుతుందని అప్పుడే తేలిపోయింది. ఎవరు కేకలు వేయాలన్నదే తేలలేదు.

* * *

మన రోడ్డుకు మొదట పెట్టిన పేరు సెంచురీ ఫ్రీవే. సెంచురీ బులెవార్డ్ అనే పెద్ద వీధి వెంట పోతుందని ఆ పేరు. తీరా గీత దక్షిణానికి జరిగి ఇంపీరియల్ హైవే పక్కకు చేరింది, పేరు మాత్రం పాతదే అంటుకుపోయింది. దారి ఖాయం చేస్తున్న ఆ రోజుల్లోనే, 1965 ఆగస్టులో, వాట్స్ తగలబడింది. పోలీసులకూ నల్లవారికీ మధ్య మొదలైన గొడవ ఆరు రోజులు సాగి 34 ప్రాణాలు తీసింది. కారణాలు వెతకడానికి వేసిన మెకోన్ కమిషన్ చెప్పిన వాటిలో ఒకటి రవాణా. ఆ పేటల నుంచి పనులున్న చోటికి వెళ్ళడానికి సరైన బస్సులు లేవని కమిషన్ రాసింది.

ఈ మాటను రోడ్డు కావాలన్నవారు అందిపుచ్చుకున్నారు. విమానాశ్రయం చుట్టుపక్కల విమానాల ఫ్యాక్టరీలున్నాయి, ఫ్రీవే వస్తే వాట్స్ మనిషి ఇరవై నిమిషాల్లో పనికి చేరుకుంటాడు అన్నారు. వాట్స్ మనిషికి కారు ఎక్కడిదని అడిగినవారు లేకపోలేదు. అడిగినవారి మాట ఇంజనీర్ల దాకా వెళ్ళలేదు. 1968లో ఈ రోడ్డును అంతర్రాష్ట్ర రహదారుల జాబితాలో చేర్చారు. అంటే తొంభై పైసల లెక్కలోకి వచ్చింది.

ఇక ఇళ్ళు కొనడం మొదలైంది. రాష్ట్ర హైవే శాఖ మనిషి వచ్చి తలుపు కొడతాడు. ఇంటికి ధర కడతాడు. ఒప్పుకుంటే చెక్కు, ఒప్పుకోకపోతే కోర్టు ద్వారా స్వాధీనం. ఈ పద్ధతి మనకూ తెలిసినదే. ధర అంటే ఆనాటి బజారు ధర. నల్లవారి పేటలో, అందునా ఫ్రీవే వస్తుందని పదేళ్ళుగా అందరూ చెప్పుకుంటున్న వీధిలో, ఇంటికి బజారు ధర ఎంత ఉంటుంది? ఆ డబ్బుతో మరో పేటలో ఇల్లు దొరకదు. దొరికినా నల్లవారికి అమ్మేవాళ్ళు తక్కువ. అద్దెకున్నవారి సంగతి సరేసరి. అమెరికాలో 1970కి ముందు అద్దె మనిషికి రోడ్డు వేసేవాడు ఇచ్చేది దాదాపు ఏమీ లేదనే చెప్పాలి.

కొన్న ఇంటిని వెంటనే కూల్చేవారు, లేదా పలకలు కొట్టి మూసేవారు. వీధిలో ఒకటి విడిచి ఒకటి ఇళ్ళు మూతపడుతుంటే మిగిలినవాళ్ళు ఎంతకాలం బిగదీసుకుని కూర్చుంటారు? వచ్చిన ధరకు ఇచ్చి వెళ్ళిపోయారు. ఇల్లిల్లూ తిరిగి కొనడంలో ఉన్న బలం అదే. ఊరంతా కలిసి కాదనే సందర్భం రాదు. ప్రతి ఇంటివారూ తమంత తామే ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉంటుంది.

* * *

ఈ కథ మలుపు తిరగడానికి రెండు చట్టాలు కారణం. రెండూ ఈ రోడ్డును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. 1970 జనవరి 1 నుంచి జాతీయ పర్యావరణ విధాన చట్టం అమల్లోకి వచ్చింది. కేంద్రం డబ్బు పెట్టే ఏ పెద్ద పనికైనా ముందు దానివల్ల గాలికి, నీటికి, మనుషులకు ఏమవుతుందో నివేదిక రాసి జనం ముందు పెట్టాలని దాని సారాంశం. ఆ ఏడాదే నిర్వాసితుల పునరావాస చట్టం కూడా వచ్చింది. మనిషిని లేపే ముందు అతనికి తగిన ఇల్లు మరోచోట ఉందని చూపించాలి. లేకపోతే చివరి మార్గంగా ప్రభుత్వమే కట్టించి ఇవ్వాలి. అద్దెకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది.

చట్టాలు వచ్చినంతలో హైవే శాఖ ఆగలేదు. మా పథకం చట్టానికి ముందరిది కనుక మాకిది పట్టదు అన్నది వారి వాదన. 1972 ఫిబ్రవరిలో, దారికి అడ్డంగా ఉన్న ఇళ్ళలోని నాలుగు జంటలు కేంద్ర ప్రభుత్వ కోర్టులో దావా వేశాయి. నల్లవారి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి., పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ వారి పక్కన నిలిచాయి. హాథార్న్ మునిసిపాలిటీ కూడా చేరింది. వకాల్తా పుచ్చుకున్నది లాస్ ఏంజిల్స్‌లో అంతకు ముందటి ఏడే పుట్టిన ప్రజాప్రయోజన న్యాయ కేంద్రం. ప్రతివాదుల్లో మొదటివాడు కేంద్ర రవాణా మంత్రి జాన్ వోల్పే. అందుకే అమెరికా న్యాయ గ్రంథాల్లో ఈ కేసు 'కీత్ వర్సెస్ వోల్పే' అన్న పేరుతో నిలిచింది. విచిత్రమేమంటే ఈ వోల్పే రాజకీయాల్లోకి రాకముందు స్వయంగా పెద్ద కాంట్రాక్టరు.

కేసు హ్యారీ ప్రెగర్సన్ అనే న్యాయమూర్తి దగ్గరికి వచ్చింది. లాస్ ఏంజిల్స్‌లో పుట్టినవాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినావాలో గాయపడినవాడు. 1972 జులైలో ఆయన పనులు ఆపమని ఇంజంక్షన్ ఇచ్చాడు. పర్యావరణ నివేదిక రాయండి, చప్పుడు గురించి, పొగ గురించి హాథార్న్ జనాన్ని పిలిచి మళ్ళీ వినండి, లేపబోయే మనుషులకు ఇళ్ళు ఉన్నాయని రుజువు చూపండి, అప్పటిదాకా ఒక్క అడుగు ముందుకు వేయవద్దు అన్నాడు. రోడ్డే వద్దని ఆయన అనలేదు. ఈ తేడా గమనించాలి. పై కోర్టు 1974లో ఆ ఉత్తర్వును ఖాయం చేసింది.

అప్పటికే వేలాది ఇళ్ళు ప్రభుత్వం చేతికి వచ్చేశాయి.

ఇక్కడి నుంచి కథ చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది. పేటవారి తరఫున కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఎక్కువ బాధపడింది పేటవారే. కొన్న ఇళ్ళలో ఎవరూ లేరు, కూల్చడానికి వీల్లేదు, తిరిగి అమ్మే తీరికా హైవే శాఖకు లేదు. పదిహేడు మైళ్ళ పొడుగునా ఊళ్ళ నడుమ ఒక ఖాళీ చార. పలకలు కొట్టిన కిటికీలు, నడుం ఎత్తు గడ్డి, పారబోసిన చెత్త, ఎలుకలు. రాత్రిళ్ళు మంటలు లేచేవి. పంపులు, తీగలు ఊడదీసుకుపోయేవారు. మందు తాగేవాళ్ళకు, మత్తుమందు అమ్మేవాళ్ళకు నీడ దొరికింది. పక్కింట్లో ఇంకా కాపురముంటున్న కుటుంబం తలుపులు బిగించుకుని పడుకునేది. ఇళ్ళు పోయాక మునిసిపాలిటీకి పన్నులు పోయాయి, బడికి పిల్లలు పోయారు, కొట్లకు బేరాలు పోయాయి. లిన్‌వుడ్ లాంటి చిన్న ఊరికి ఆ చార ఒంటి మీద మానని పుండులాంటిది. ఇది ఒక ఏడాదో రెండేళ్ళో కాదు, పదేళ్ళు.

చెన్నైలో ఉండే పాఠకులకు ఇది ఊహించుకోవడం కష్టం కాదు. హార్బరు నుంచి మదురవాయల్ దాకా కూవం నది వెంట వేయ తలపెట్టిన పైవంతెన రోడ్డు 2012లో ఆగిపోయింది. లేపిన కాంక్రీటు స్తంభాలు నదిలో పదేళ్ళు మొండిగా నిలబడ్డాయి. 2022లో రెండంతస్తుల రోడ్డుగా మళ్ళీ శంకుస్థాపన చేసేదాకా అవి అట్లాగే ఉన్నాయి. అక్కడ ఆపింది పేటవారు కాదు. నదికి స్తంభాలు అడ్డమని రాష్ట్ర ప్రభుత్వం అన్నది. కారణం ఏదైనా సగంలో ఆగిన రోడ్డు పక్కన బతకడం ఎట్లా ఉంటుందో రెండు చోట్లా ఒకటే.

అందువల్ల 1970 దశకం సగం దాటేసరికి పేటల్లోనే మాట మారింది. రోడ్డు వద్దని మొదట్లో కూడిన జనం రెండుగా చీలారు. పోయిన ఇళ్ళు ఎలాగూ రావు, ఆ పాడు చార మీద ఏదో ఒకటి రానివ్వండి, కనీసం పనులన్నా దొరుకుతాయి అన్నవాళ్ళు ఎక్కువయ్యారు. స్థానిక మునిసిపాలిటీలు, నల్లవారి నాయకులు కొందరు రోడ్డు కావాలనే అన్నారు. దీన్ని లొంగుబాటు అనడం దూరాన కూర్చున్నవారికి సులువు. మంటలు లేచే ఇంటి పక్కన ఏడేళ్ళు పడుకున్నవాడికి ఆ హక్కు ఉందని నేననుకుంటాను.

వాదుల వకీళ్ళు కూడా ఇది గ్రహించారు. రోడ్డును ఆపి ఉంచగల శక్తి చేతిలో ఉంది, ఆ శక్తికి బదులుగా ఏమి రాబట్టవచ్చు అన్నది వారి ముందున్న ప్రశ్నయింది. రెండేళ్ళు కాదు మూడేళ్ళు కాదు, బేరసారాలు సాగి సాగి 1979 అక్టోబరులో కోర్టు ముందు రాజీ ఒప్పందం కుదిరింది. ప్రెగర్సన్ ఆ ఏడే పై కోర్టుకు పదోన్నతి పొందినా ఈ కేసును మాత్రం వదలలేదు, వెంట తీసుకుపోయాడు. చివరిదాకా ఆయనే చూశాడు.

ఆ ఒప్పందం చదివితే ఇది రోడ్డు కాగితమా, పేటల పునర్నిర్మాణ కాగితమా అని సందేహం వస్తుంది. రోడ్డు ఉంటుంది. నడుమ జనరవాణాకు దారి వదలాలి. ఒక్కరే కాకుండా నలుగురు కలిసి వెళ్ళే కార్లకు, బస్సులకు విడిగా వరసలు వేయాలి. పోయిన ఇళ్ళకు బదులుగా రోడ్ల డబ్బుతోనే 4,200 ఇళ్ళు సమకూర్చాలి. కొన్నిటిని కొత్తగా కట్టాలి, కొన్నిటిని పాతవాటిని పునాదుల మీది నుంచి లేపి బండ్ల మీద వేరే స్థలాలకు చేర్చి బాగుచేయాలి. రోడ్డు పనుల్లో అల్పసంఖ్యాకులకు, ఆడవారికి ఇన్ని ఉద్యోగాలు, వారి చిన్న కంపెనీలకు ఇంత భాగం కాంట్రాక్టులు అని లెక్క. పనిలో చేరేముందు శిక్షణ. నిర్వాసితుల ఫిర్యాదులు వినడానికి, వారి తరఫున మాట్లాడడానికి ఒక ప్రత్యేక కార్యాలయం. పెట్రోలు పన్నుతో నిండే హైవే నిధి నుంచి ఇంత పెద్ద ఎత్తున ఇళ్ళు కట్టించడం అంతకు ముందు అమెరికాలో ఎరగరు.

రెండేళ్ళు తిరగలేదు. 1981లో రీగన్ ప్రభుత్వం వచ్చి ఇంత ఖర్చు మావల్ల కాదన్నది. మళ్ళీ బేరం. మామూలు వరసలు ఆరుకు, విడి వరసలు రెండుకు దిగాయి. ఎక్కే దిగే చోట్లు తగ్గాయి. ఇళ్ళ సంఖ్యా తగ్గింది. అయినా ఒప్పందం ఎముకలు మిగిలాయి. 1982 మే 1న మొదటి పార మట్టి ఎత్తారు.

* * *

కట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈ పదకొండేళ్ళ గురించి త్వరగా చెప్పుకోవచ్చు. కాంక్రీటు కథలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. అంతవరకు మగవారికే అనుకున్న వడ్రంగం, ఇనుప పని, పెద్ద యంత్రాలు నడపడం వంటి పనుల్లో శిక్షణ పొందిన ఆడవారు చేరారు, వారిలో నల్లవారు, మెక్సికన్లు ఉన్నారు. ఇది నిజంగా జరిగిన మంచి. 110 నంబరు ఫ్రీవేను దాటే చోట అయిదంతస్తుల కూడలి లేచింది. దానికి తర్వాత ప్రెగర్సన్ పేరు పెట్టారు. రోడ్డును ఆపినవాడి పేరు ఆ రోడ్డు కూడలికే పెట్టడం కాస్త తమాషా. రోడ్డు మొత్తానికి మాత్రం దానికోసం పార్లమెంటులో గట్టిగా పట్టుబట్టిన స్థానిక సభ్యుడు గ్లెన్ ఆండర్సన్ పేరు వచ్చింది. సినిమాలు చూసేవారు ఈ కూడలిని ఎరుగుదురు. 1994 నాటి 'స్పీడ్'లో బస్సు గాలిలో ఎగిరి దాటే ఖాళీ ఇక్కడిదే. అప్పటికి రోడ్డు తెరవలేదు, ఆ ఖాళీ కూడా లేదు, కంప్యూటరుతో చెరిపి చూపించారు. 2016 నాటి 'లా లా ల్యాండ్'లో జనం కార్లు దిగి ఆడేది కూడా ఇక్కడే.

ఇళ్ళ సంగతికి వస్తే, అవి నత్తనడక నడిచాయి. రాష్ట్ర గృహ శాఖకు ఇచ్చిన ఆ పని మీద ఆలస్యమనీ, ఖర్చు మితిమీరిందనీ విమర్శలు వచ్చాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఇల్లు పోయింది 1970లో, కొత్త ఇల్లు లేచింది 1985లో. ఈలోగా ఆ కుటుంబం ఎక్కడ ఉంటుంది? బంధువుల దగ్గరికో, మరో పేటకో, మరో రాష్ట్రానికో పోయి ఉంటుంది. ముసలివాళ్ళు పోయి ఉంటారు. పిల్లలు పెద్దవాళ్ళయి తమ బతుకు తాము చూసుకుని ఉంటారు. కొత్త ఇళ్ళలోకి వచ్చినవారు కూడా పేదలే, ఇల్లు అవసరమైనవారే, సందేహం లేదు. కానీ వాళ్ళు వేరే మనుషులు. దావా వేసింది ఒకరు, నష్టపోయింది ఒకరు, ఫలం అందుకున్నది మరొకరు. కోర్టులు 'వర్గం' అంటాయి, ఆ మాటలో ఈ ముగ్గురూ ఒకరే. వీధిలో నడిచి చూస్తే ముగ్గురూ వేరు వేరు.

ఆ గృహ పథకాన్ని 1995లో ప్రభుత్వం చేతి నుంచి తప్పించి సెంచురీ హౌసింగ్ అనే లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. తక్కువ ఆదాయం వారికి ఇళ్ళు కట్టించే, కట్టించేవారికి అప్పులిచ్చే సంస్థగా అది నిలదొక్కుకుంది. ఆ సంస్థ పేరులో సెంచురీ ఎందుకున్నదో ఇవాళ ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళలో ఎందరికి తెలుసో!

ఇక ఉద్యోగాల మాట. వాట్స్ మనిషి ఇరవై నిమిషాల్లో విమానాల ఫ్యాక్టరీకి చేరుతాడన్నారు కదా. 1993లో రోడ్డు తెరిచేసరికి సోవియట్ యూనియన్ కూలిపోయి రెండేళ్ళయింది. యుద్ధ విమానాలకు గిరాకీ పడిపోయింది. హాథార్న్, ఎల్ సెగుండో ఫ్యాక్టరీలు మనుషులను వేల సంఖ్యలో ఇళ్ళకు పంపిస్తున్నాయి. అంతకు ముందటి ఏడే, 1992 ఏప్రిల్ చివర, దక్షిణ లాస్ ఏంజిల్స్ మళ్ళీ తగలబడింది. ముప్పై ఏళ్ళ కిందటి వాదన ఆధారంగా వేసిన రోడ్డు వచ్చేసరికి ఆ వాదనలోని ఫ్యాక్టరీ గేటుకు తాళం పడుతున్నది.

రోడ్డు నడుమ రైలు 1995 ఆగస్టు 12న నడిచింది. 20 మైళ్ళు, 14 స్టేషన్లు, పేరు గ్రీన్ లైన్. తర్వాత సి లైన్ అని మార్చారు. కారు లేని మనిషికి ఒప్పందంలో దక్కిన వాటా ఈ రైలు. ఫ్రీవే నడుమ స్టేషను కనుక ఇరుపక్కలా కార్ల హోరులో, పొగలో నిలబడి బండి కోసం ఎదురు చూడాలి. పడమటి కొసన అది విమానాశ్రయం దాకా పోవలసింది. విమానాలకు కరెంటు తీగలు అడ్డమనీ, ఇంకా ఏవేవో అనీ అభ్యంతరాలు వచ్చి, కనుచూపు మేరలో విమానాలు దిగుతుండగా దక్షిణానికి తిరిగి, మనుషులను తీసేస్తున్న ఆ ఫ్యాక్టరీల వైపు పోయింది. విమానాశ్రయం పక్కన రైలు స్టేషను తెరిచింది 2025 జూన్ 6న. అంటే గ్రీన్ లైన్ వచ్చిన ముప్పై ఏళ్ళకు.

* * *

ఈ కథను మన దేశపు లెక్కల్లో చూస్తే ఒక విషయం తడుతుంది. మనకు 2013 చివరిదాకా భూసేకరణకు ఆధారం 1894 నాటి బ్రిటిషు చట్టమే. పట్టా ఉన్నవాడికి బజారు ధర, దానిమీద కొంత శాతం. అద్దెకున్నవాడు, తోపుడు బండివాడు, ఆ వీధిలో కూలికి పోయేవాడు ఆ చట్టం కంటికి కనిపించేవారు కారు. సామాజిక ప్రభావం అంచనా కట్టాలి, జీవనాధారం పోయినవారినీ లెక్కలోకి తీసుకోవాలి అన్న చట్టం మనకు 2013లో వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలయింది. అమెరికా 1970లో చేసినదానికీ దీనికీ నలభై ఏళ్ళ పైచిలుకు దూరం. అయితే చట్టం ఉండగానే సరిపోలేదని కూడా ఈ పదిహేడు మైళ్ళే చెబుతున్నాయి. చట్టం వచ్చిన రెండేళ్ళకు, వేలాది ఇళ్ళు చేతులు మారిపోయాక, నాలుగు జంటలు కోర్టుకెక్కితే గాని అది నిద్ర లేవలేదు. అదే దావా 1967లో వేయగలిగి ఉంటే, ఇళ్ళు ఇంకా ఇళ్ళుగా ఉండగానే ఒప్పందం కుదిరి ఉండేదేమో. కానీ 1967లో చట్టం లేదు. అప్పటికి న్యాయ కేంద్రమూ లేదు.

ప్రెగర్సన్ 2017లో తొంభై నాలుగో ఏట పోయాడు. ఇల్లూ వాకిలీ లేనివారి కోసం బెల్ అనే ఊళ్ళో ఒక ఆశ్రయం ఏర్పాటు చేయించాడని ఆయనను తలుచుకునేవారు చెబుతారు. ఇళ్ళు పోయినవారి కేసు ఇరవయ్యేళ్ళు చూసిన మనిషి ఆ పనికి పూనుకోవడంలో వింతేమీ లేదు.

రోడ్డు మీద ఇవాళ ఉదయం సాయంత్రం కార్లు నత్తల్లా కదులుతాయి. తూర్పు కొసన నార్వాక్‌లో సి లైన్ రైలు ఆగిపోతుంది. దూర ప్రాంతాలకు పోయే రైళ్ళు ఆగే స్టేషను అక్కడికి మూడు మైళ్ళ లోపే ఉంది. రెంటినీ కలిపే పట్టాలు వేయలేదు. ఒక బండి దిగి రెండో బండి అందుకోవలసిన మనిషి ఆ మధ్య దూరం బస్సులో పోతాడు.